పండకముందే కోసిన గుమ్మడి: పెరటి నుంచి వంటింటి దాకా

పెరట్లో గుమ్మడి తీగ ఉన్న ఇళ్లలో సాధారణంగా కాయ పండేదాకా ఆగుతారు. తొడిమ ఎండి, తొక్క గట్టిపడి, రంగు తిరిగిన తర్వాత కోసి అటక మీదో, గాలి తగిలే మూలనో పెట్టుకుంటే నెలల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి ఆ ఆగడంలో అర్థముంది. అయితే ప్రతి పంట చివరా కొన్ని కాయలు పచ్చిగానే మిగిలిపోతాయి. బూడిద తెగులు సోకి ఆకులు తెల్లబడి ఎండిపోయినప్పుడు, వేళ్లు కుళ్లి తీగ వాలిపోయినప్పుడు, వేసవి ముదిరి నీళ్లు చాలనప్పుడు, చలిదేశాల్లో అయితే తొలి మంచు కాటు పడినప్పుడు, ఆ కాయలకు పండే అవకాశం ఉండదు. చాలామంది వాటిని పశువులకు వేస్తారు, లేదా ఎరువు గుంతలో పడేస్తారు. ఇది పూర్తిగా అనవసరమైన నష్టం. పచ్చి గుమ్మడి తినదగినదే కాదు, వంట తెలిస్తే రుచికరమైన కూరగాయ కూడా. పండు గుమ్మడికి చేసే వంటనే దీనికీ చేయడం వల్ల వచ్చే నిరాశే దీనికి చెడ్డపేరు తెచ్చింది. బెల్లమూ చింతపండూ వేసి తియ్యటి పులుసు పెడితే, తనలో తీపి లేని ఈ కాయ చప్పగా, నీళ్లగా తేలుతుంది. దీన్ని పండు గుమ్మడికి చెల్లెలుగా కాక సొరకాయకు దగ్గరి బంధువుగా భావించి వండాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న ప్రధాన విషయం.

తెలుగువారి కూరల్లో తీగజాతి కాయలను ఒక్కసారి వరుసగా గుర్తు చేసుకుంటే ఈ మాట ఎంత సహజమైనదో తెలుస్తుంది. బీర, పొట్ల, దొండ, కాకర, సొర వీటన్నిటినీ పండకముందే కోసి తింటాము. పండిన పొట్లకాయ ఎర్రబడి మెత్తబడిపోతుంది, ముదిరిన బీరకాయ లోపల పీచే మిగులుతుంది, ముదిరిన సొరకాయ తొక్క చెక్కలా మారి బుర్రలకూ తంబురాలకూ పనికివస్తుంది. అంటే ఈ కుటుంబంలో లేత కాయను తినడమే నియమం, పండేదాకా ఆగే గుమ్మడి మినహాయింపు. గుమ్మడి పుట్టిల్లయిన అమెరికా ఖండాల్లో ఈ మినహాయింపు కూడా లేదు. మెక్సికోలో వేల ఏళ్లుగా సాగులో ఉన్న గుమ్మడి జాతులను అక్కడివారు లేతగానూ తింటారు, పండించీ తింటారు, గింజలనూ పువ్వులనూ కూడా వదలరు. ఇటలీలో మిలాన్ ప్రాంతంలో 19వ శతాబ్దం చివర్లో రూపుదిద్దుకొని, ఇప్పుడు మన నగరాల సూపర్ మార్కెట్లలో కూడా కనిపించే జుకినీ అచ్చంగా లేతగా కోసిన గుమ్మడిజాతి కాయే. పంజాబ్‌లో గుండ్రంగా, ఆకుపచ్చగా అమ్మే చప్పన్ కద్దూ కూడా ఆ కోవలోదే. ఇంకా దగ్గరి ఉదాహరణ కొరియాలో ఉంది. అక్కడి వంటిళ్లలో రోజూ వాడే ఏహోబాక్ అనే లేత కాయ, మన పెరళ్లలో ఎక్కువగా పండే గుమ్మడి ఏ వృక్షజాతికి చెందినదో ఆ జాతికే చెందినది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ రకం కూడా ఆ జాతిదే. కాబట్టి మన గుమ్మడిని పచ్చిగా తినవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం ఒక దేశం మొత్తం తన వంటలో ఎప్పుడో ఇచ్చేసింది.

కాయ లోపల ఏ వయసులో ఏం జరుగుతుందో తెలిస్తే వంట సగం తెలిసినట్టే. గుమ్మడి ఆడపువ్వు అడుగున చిన్న బుడిపెలాంటి పిందె మొదటి నుంచీ ఉంటుంది. పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని, పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లో తేనెటీగలు తగినంత పుప్పొడిని మగపువ్వుల నుంచి చేరిస్తేనే పిందె నిలుస్తుంది, లేకపోతే మొన దగ్గర పసుపుబారి రాలిపోతుంది. నిలిచిన పిందె మొదటి వారం పది రోజుల్లో ఆశ్చర్యం కలిగించే వేగంతో పెరుగుతుంది. అప్పటికి తొక్క పలచని పొర, గింజలు ఇంకా పొట్టు కట్టని తెల్లని రేకులు, కండ అంతా నీరు. రెండు మూడు వారాలకు కాయ దాదాపు పూర్తి పరిమాణానికి చేరుకుంటుంది. అసలు మార్పు అక్కడి నుంచి మొదలవుతుంది. పరిమాణం పెరగడం ఆగి, ఆకులు తయారుచేసిన ఆహారం పిండి పదార్థంగా కండలో పేరుకుంటుంది, గింజలు పప్పు పోసుకుంటాయి, తొక్క కణాలు గట్టిపడతాయి, కండకు పసుపూ ఆపైన నారింజ రంగూ తెచ్చే కెరోటిన్ చేరుతుంది. పేరుకున్న పిండిలో కొంత భాగం కాయ పండేటప్పుడూ, కోసి నిలవ ఉంచినప్పుడూ చక్కెరగా మారుతుంది. సంక్రాంతి నాటి గుమ్మడి పులుసుకు ఉండే తీపి ఇలా వచ్చినదే.

దీని నుంచి తేలేదేమిటంటే, కాయ పెద్దదైనంత మాత్రాన పండుకు దగ్గరైనట్టు కాదు. మూడు వారాల కాయ చూడటానికి పండిన కాయంత ఉండవచ్చు, లోపల మాత్రం పిండీ చక్కెరా కెరోటినూ నామమాత్రంగానే ఉంటాయి. పండు గుమ్మడిలో విటమిన్ ఎ దండిగా ఉంటుందన్న మాట నిజమే, దాన్ని లేత కాయకు అంటగట్టడం మాత్రం సరికాదు. లేత కాయలో నూటికి 94, 95 పాళ్లు నీరే. అది తేలికగా అరిగే, తక్కువ కేలరీల కూర. ఆకుపచ్చ తొక్కలో ఉండే పోషకాలు దక్కాలంటే, తొక్క మెత్తగా ఉన్నంతకాలం చెక్కు తీయకుండా వండటమే మేలు.

వయసును కొలవడానికి గోరును మించిన సాధనం లేదు. రైతుబజారులో సొరకాయలను గోటితో గిచ్చి చూసేవారిని అమ్మేవారు కసురుకోవడం అందరూ చూసేదే, ఆ గిచ్చిన చోట కాయ త్వరగా చెడుతుంది కాబట్టి వాళ్ల కోపంలోనూ న్యాయముంది. సొంత పెరట్లో, అప్పుడే కోసి వండబోయే కాయకు ఆ ఇబ్బంది లేదు. తొడిమకు దగ్గరగా తొక్క మీద గోరు ఆనించి చిన్నగా నొక్కినప్పుడు సులువుగా దిగి, ఆ గాటులో నీటిబొట్టు ఊరితే అది మొదటి దశ కాయ. దాన్ని అడ్డంగా కోస్తే కోసిన ముఖం మీద అంచు వెంబడి స్రావం చిన్న చిన్న ముత్యాల్లా పొడుచుకువస్తుంది. చేతికి అంటుకొని ఆరాక పొరలా బిగుసుకుపోయే ఈ జిగురును చూసి కాయ చెడిందని కొందరు భయపడతారు, నిజానికి అది తీగలో ఆహారాన్ని మోసే రసమే. ముందుగా చేతికి నూనె రాసుకుంటే అంటదు, ముక్కలను ఒకసారి నీళ్లలో జాడిస్తే పోతుంది. గోరు గుర్తు పడుతుంది కానీ లోపలికి దిగదనుకుంటే అది రెండో దశ. అప్పుడు గింజల చుట్టూ పొట్టు గట్టిపడి, మధ్యలోని గుజ్జు పీచుగా, దూదిలా ఉంటుంది కాబట్టి చెక్కు తీసి, గుజ్జునూ గింజలనూ చెంచాతో గీకి పారవేసి, మిగిలిన కండనే వండాలి. గోరు గుర్తు కూడా పడని కాయ, పైకి ఎంత పచ్చగా కనిపించినా, మూడో దశలోకి వచ్చినట్టు. తీగ ఎండిపోయినా సరే, దీన్ని వండటానికి తొందరపడకూడదు. రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కోసి, వెచ్చగా, పొడిగా, గాలి ఆడే చోట పెడితే చాలాసార్లు రంగు తిరుగుతుంది. తీగ మీద పండినంత తీపి రాకపోయినా పులుసుకు పనికివస్తుంది. మొదటి రెండు దశల కాయలు మాత్రం ఎన్నాళ్లు దాచినా పండవు, వాడి కుళ్లుతాయి.

ఇక వంట సంగతి. లేత కాయతో వచ్చే చిక్కంతా నీటితోనే. ముక్కల మీద ఉప్పు పడగానే నీరు బయటికి ఊరుతుంది, మూకుడు ఇరుకుగా ఉంటే ఆ నీటిలోనే ముక్కలు ఉడికి గుజ్జయిపోతాయి. వేపుడు కావాలనుకుంటే వెడల్పాటి ఇనుప మూకుడులో నూనె బాగా కాగాక ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ వేసి, ముక్కలను పలచగా పరిచి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద వేయించాలి. అంచులు ఎర్రబడ్డాక, దించడానికి కాస్త ముందు ఉప్పూ కారమూ చల్లితే ముక్క ముక్కగా నిలుస్తుంది. పెసరపప్పు వేసిన కూర కావాలనుకున్నప్పుడు ఇదే గుణం సాయానికి వస్తుంది. అరగంట నానిన పెసరపప్పునూ ముక్కలనూ కలిపి, మొదటే ఉప్పు వేసి మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే, బయటి నుంచి చుక్క నీరు పోయనక్కర లేకుండా కాయలోంచి ఊరిన నీటితోనే పప్పు పలుకుగా ఉడుకుతుంది. చివర పచ్చికొబ్బరి కోరు వేస్తే చాలు, మరే మసాలా దీనికి అక్కరలేదు. లేత కాయ సువాసన చాలా సున్నితమైనది. అల్లం వెల్లుల్లి ముద్దా గరం మసాలా వేస్తే ఆ వాసనే తెలుస్తుంది తప్ప కాయ తినడంలో అర్థం మిగలదు.

రెండో దశ కాయకు పప్పూ పులుసూ బాగా నప్పుతాయి, అయితే ఇక్కడ పులుపు వేసే సమయం ముఖ్యం. ముక్కలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం వేడికి కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పులుపు ఆ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. కాస్త ముదిరిన కాయ ముక్కలను మొదటే చింతపండు పులుసులో వేస్తే ఎంతసేపు మరిగినా బిరుసుగానే ఉండటానికి కారణం ఇదే, కందిపప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకకపోవడం వెనుక కూడా ఇలాంటి కారణమే ఉంది. ముదిరిన ముక్కలను ముందు ఉప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి తర్వాత పులుసు పోయాలి. మరీ లేత ముక్కలకు దీనికి తిరగబడిన పద్ధతి మంచిది. అవి ఊరికే చితికిపోతాయి కాబట్టి కాగుతున్న పులుసులోనే వేస్తే, పులుపు వాటి ఆకారాన్ని కాపాడుతుంది. ఒకే వంటకానికి ఇంటింటికీ వేర్వేరు క్రమం ఉండటాన్ని అలవాటుగా కొట్టిపారేయకుండా చూస్తే, చాలాసార్లు ఆ ఇంటికి చేరే కాయ వయసే ఆ తేడాకు మూలమని అర్థమవుతుంది.

గోదావరి జిల్లాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ ఆనపకాయతో చేసే రెండు వంటలు పచ్చి గుమ్మడికి చక్కగా కుదురుతాయి. ఒకటి పాలు పోసిన కూర. ముక్కలు పూర్తిగా మెత్తబడి, వాటి నీరు ఇగిరాకే కాచిన పాలు పోసి, మంట తగ్గించి, పాలు చిక్కబడ్డాక చివర్లో ఉప్పు వేయాలి. తొందరపడి పెద్ద మంట మీద ముందే ఉప్పు వేస్తే పాలు విరిగే ప్రమాదముంది. రెండోది ఆవ పెట్టిన కూర. ఆవాల ఘాటు, గింజను నూరి తడిపినప్పుడు అందులోని ఎంజైము పనిచేయడం వల్ల పుట్టేది. వేడి తగిలితే ఆ ఎంజైమూ చెడుతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. అందుకే నానిన ఆవాలను ఎండుమిర్చితో చల్లని నీళ్లు చిలకరించి నూరి, కూర దించి కాస్త చల్లారాక కలపాలి. చప్పని లేత కాయకు ఈ ఘాటు తెచ్చే జీవం వేరే ఏ పోపూ తేలేదు. తెలంగాణలో సొరకాయ తురుముతో చేసే సర్వపిండికి కూడా పచ్చి గుమ్మడి తురుము పనికివస్తుంది. బియ్యప్పిండి, నువ్వులు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చితో తురుమును కలిపి కాసేపు ఉంచితే దాని నీటితోనే పిండి తడుస్తుంది కాబట్టి, వేరే నీళ్లు ఎన్ని కావాలో ఆ తర్వాతే చూసుకోవాలి. మజ్జిగ పులుసులో సొరకాయ, బూడిద గుమ్మడి పడే చోటల్లా ఇదీ పడుతుంది. బీరపొట్టు పచ్చడి చేసే తీరులోనే, గోరు దిగే దశలోని తొక్కను వేయించి పచ్చడి చేసుకోవచ్చు. బూడిద గుమ్మడి వడియాలకు మాత్రం ముదిరి బూడిద పట్టిన కాయే కావాలి, ఆ పనికి ఏ లేత కాయా పనికిరాదు.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో కాస్త అటూ ఇటూ అయితే కూర రుచి తగ్గుతుంది, అంతే. చేదు విషయంలో మాత్రం పొరపాటుకు చోటు లేదు. గుమ్మడి, సొర, బీర, పొట్ల, దోస ఈ కుటుంబమంతటిలోనూ కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలను తయారుచేసే శక్తి సహజంగా ఉంది. కీటకాల నుంచీ జంతువుల నుంచీ రక్షణ కోసం అడవి జాతులు వీటిని కాయ నిండా నింపుకుంటాయి. మనిషి తరతరాలుగా చేదు లేని కాయల గింజలనే ఎంచుకొని నాటడం వల్ల సాగు రకాల్లో ఇవి దాదాపు లేకుండా పోయాయి. అప్పుడప్పుడూ ఏదో ఒక తీగలో ఆ పాత గుణం తిరిగి తలెత్తుతుంది, నీటి ఎద్దడీ తీవ్రమైన ఎండా కూడా చేదును పెంచవచ్చు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త మరణించడం దేశమంతటా కలకలం రేపింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం, రసం తీయడానికి ముందు చిన్న ముక్క రుచి చూడాలనీ, చేదుగా ఉంటే కాయ మొత్తాన్ని పారవేయాలనీ సూచించింది. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో, ఇంటి తోటలో పండిన చేదు జుకినీ వండుకొని తిన్న 79 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. అది రసం కాదు, ఉడికించిన కూర అన్నది గమనించవలసిన విషయం. ఈ పదార్థాలు వంట వేడికి నశించవు, ఉప్పులో పిసికి పిండినా, మజ్జిగలో నానబెట్టినా భరోసాగా పోవు.

కాబట్టి ప్రతి కాయనూ కోయగానే తొడిమ వైపు నుంచి గోరంత పచ్చి ముక్కను నాలుకకు తాకించి చూసి ఉమ్మివేయడం అలవాటు చేసుకోవాలి. ముఖ్యంగా ఆవ, మెంతి, కరివేపాకు పడే వంటల్లో ఆ చేదు ఈ చేదులో కలిసిపోయి తెలియకుండా పోతుంది, కూర అయ్యాక రుచి చూసి తేల్చుకుందామనుకోవడం ఏ మాత్రం సరికాదు. కాకరకాయ తినడం లేదా అని ధైర్యం తెచ్చుకోవడం కూడా తప్పే. కాకర చేదుకు కారణమైన పదార్థాలు వేరు, దాన్ని తరాలుగా తింటున్న అనుభవం మనకుంది. గుమ్మడిలో, సొరలో చేదంటే అది ఉండకూడనిది ఉన్నదని అర్థం. పెద్దలు పెట్టిన కూర పారవేయడానికి మొహమాటపడి తినేయడం, ఆహారాన్ని వృథా చేయకూడదన్న మంచి అలవాటుతో కంచం ఖాళీ చేయడం మన ఇళ్లలో మామూలే. ఈ ఒక్క విషయంలో ఆ మర్యాదను పక్కన పెట్టాలి. తిన్న కొద్దిసేపటికో కొన్ని గంటలకో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఇంటి వైద్యంతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తిన్నారో చెప్పాలి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు, నష్టాన్ని అదుపులో ఉంచే చికిత్స ఎంత త్వరగా అందితే అంత మంచిది.

చేదు గురించి పల్లెల్లో వినిపించే ఒక నమ్మకాన్ని ఇక్కడ సరిచేయాలి. పక్కన చేదు బీరో చేదు పొట్లో మొలిస్తే మంచి గుమ్మడి కాయలు కూడా చేదెక్కుతాయంటారు. గుమ్మడికీ బీరకూ పొట్లకూ మధ్య సంకరం జరగనే జరగదు. ఒకే జాతిలోని చేదు తీగ పుప్పొడి వచ్చి పడినా, ఆ ఏడు కాసిన కాయ కండ తల్లి తీగదే కాబట్టి దాని రుచి మారదు. మార్పు ఆ కాయలోని గింజల్లో దాగి, వచ్చే ఏడు మొలిచిన తీగలో బయటపడుతుంది. ప్రమాదం ఎక్కువగా సొంతంగా దాచుకున్న గింజల నుంచీ, ఎరువు గుంతలో తనంతట తాను మొలిచిన తీగల నుంచీ రావడానికి కారణం అదే. అలంకారానికి పెంచే చిన్న రంగురంగుల కాయలు జుకినీ జాతికి చెందినవే కాబట్టి, అవి రెండూ ఉన్న తోటలో జుకినీ గింజలు దాచుకోకూడదు.

లేత కాయలు కోయడం వల్ల తీగకు నష్టమేమీ లేదు, పైగా లాభమే. గింజలు ముదురుతున్న కాయ ఒక్కటి తీగ మీద ఉన్నా ఆహారమంతా దాని వైపే మళ్లుతుంది, కొత్త పిందెలు నిలవడం తగ్గుతుంది. రెండు మూడు రోజులకొకసారి లేత కాయలు తెంపుతూ ఉంటే తీగ కాపును పొడిగిస్తుంది. లేత తొక్కలోనే గుడ్లు పెట్టే పండు ఈగ బెడద కూడా త్వరగా కోయడం వల్ల కొంత తగ్గుతుంది. పిందె మీద సూది గుచ్చినట్టున్న చోట జిగురు కారుతూ ఉంటే లోపల పురుగు చేరిందని గుర్తు. అలాంటి పిందెలను తీగ కిందే వదలకుండా ఏరి నాశనం చేయాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెరట్లో సొర, బీర, గుమ్మడి పెంచుకోవడం ఇప్పుడు మామూలైంది. న్యూజెర్సీ లాంటి చోట్ల వేసవి అంతా తీగ ఆకులకే పెరిగి, సెప్టెంబరులో కాయలు పట్టి, అక్టోబరు మంచుకు చిక్కుకోవడం వాళ్లకు ఏటేటా ఎదురయ్యే సమస్య. మంచు కాటు తగిలిన కాయ తొక్క మీద నీళ్లు నిండిన మచ్చలు ఏర్పడి కొద్ది రోజుల్లోనే కుళ్లుతుంది, కాబట్టి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుందన్న సూచన రాగానే కాయలన్నీ కోసేయాలి. కోసిన లేత కాయలను బాగా చల్లని ఫ్రిజ్‌లో వారం దాటి ఉంచితే అక్కడా చలి దెబ్బకు తొక్క గుంటలు పడుతుంది. ఎక్కువ కాయలు ఒకేసారి వచ్చినప్పుడు రుచి చూసి, తురిమి, గట్టిగా పిండి, ఒక్కో వంటకు సరిపడా పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మేలు. గడ్డకట్టి కరిగిన ముక్కలు వేపుడుకు పనికిరావు, సర్వపిండికీ పప్పుకూ తురుము బాగానే ఉంటుంది.

తీగ ఎంత బాగా కాస్తున్నా, విత్తనం కోసం ఒక మంచి కాయను మొదటి కాపులోనే ఎంచి, దాని తొడిమకు గుడ్డ పీలిక కట్టి పండనివ్వాలి, ఎందుకంటే లేత కాయలోని గింజలు మొలవవు. ఆ తీగ నుంచి అంతకు ముందు కోసి తిన్న లేత కాయల్లో ఒక్కదానిలోనైనా చేదు తగిలి ఉంటే మాత్రం ఆ గింజలను దాచకూడదు. తొడిమ ఎండి చెక్కబారాక కోసి, మరో మూడు వారాలు అలాగే ఉంచి, అప్పుడు పగలగొట్టి తీసిన గింజలు బాగా నిండి ఉంటాయి. వాటిని కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోవాలి.